మొరాయిస్తున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ నుంచి డేటా దక్కించుకోవడం ఎలా

పోయిన సంక్రాంతికి ఊరెళ్తే మా పిన్ని నల్లటి డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. చెల్లెలి పెళ్లి ఫొటోలు, వీడియో, తాతయ్య బతికుండగా తీసిన నాలుగైదు క్లిప్పులు అన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. పెళ్లి వీడియో తీసినతను తన దగ్గరున్న కాపీ ఎప్పుడో చెరిపేశాడు. "టీవీకి పెడితే ఆడట్లేదురా. లాప్‌టాప్‌కి పెడితే ఫార్మాట్ చెయ్యమంటోంది. చెయ్యనా?" అంది. చేసేసి చెప్పకుండా ముందే అడిగింది. సగం డేటా అక్కడే దక్కింది.

ఆ డిస్క్‌తో కూర్చున్న మూడు రోజుల్లో నేను చేసినవీ, చేయకుండా చెయ్యి కట్టేసుకున్నవీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. అది 1 టీబీ పోర్టబుల్ డిస్క్. మీది 500 జీబీ అయినా 4 టీబీ అయినా పద్ధతి ఇదే, పట్టే సమయమే మారుతుంది.

ఒక్క మాట ముందే. చెడిపోతున్న డిస్క్ అంటే నూనె అడుగంటిన దీపం. ఎంతసేపు వెలుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ వెలుతురులో ఇల్లు సర్దుతూ కూర్చుంటే లాభం లేదు, కావలసినవి తీసుకుని బయటపడాలి. అందుకే పాత డిస్క్‌ని బాగుచేసే ప్రయత్నం ఏదీ చేయొద్దు. ముందు దాన్ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్ మీదికి దించాలి. రిపేర్లు, వెతుకులాటలు అన్నీ ఆ నకలు మీదే.

మొదటి పని: కేబుల్ తీసేయండి

డిస్క్ తెరుచుకోకపోతే మనం చేసే పని తీసి పెట్టడం, మళ్లీ తీసి పెట్టడం. పెట్టిన ప్రతిసారీ విండోస్ తన పని తాను మొదలుపెడుతుంది. యాంటీవైరస్ చదువుతుంది, ఫొటోలకి బుల్లి బొమ్మలు తయారుచేస్తుంది, ఒక్కోసారి సెర్చ్ కోసం ఫైళ్ల జాబితా కూడా రాసుకుంటుంది. మీరు ఏమీ చేయకపోయినా డిస్క్ లోపల డేటా చదివే హెడ్ మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఏం చేయాలో తేల్చుకునేదాకా దాన్ని పక్కన పెట్టండి.

ఈలోపు ఎవరు ఏ సలహా ఇచ్చినా కింది వాటి జోలికి పోవద్దు.

ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. చెక్‌డిస్క్ నడపొద్దు. అది ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పద్దుని, సరిచేసే సాధనం, మీ ఫైళ్లని కాపాడేది కాదు. చదవలేని చోట ఫోల్డర్ల సమాచారాన్ని కత్తిరించి పారేయడానికి కూడా వెనకాడదు. పైగా ఆ మార్పులన్నీ అదే డిస్క్ మీద రాస్తుంది. బ్యాడ్ సెక్టార్లని, అంటే డిస్క్ మీద చదవరాని చిన్న చిన్న గళ్లని, బాగుచేస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్లు కూడా ఈ కోవలోవే. ఇక ఫ్రీజర్ చిట్కా ఉంది చూశారూ, డిస్క్‌ని కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టమనేది, అది ఇప్పటి డిస్కులకి పనికిరాదు. బయటికి తీయగానే లోపల డేటా ఉండే పళ్లెం మీద తేమ పడుతుంది. తిరుగుతున్న పళ్లేనికీ హెడ్‌కీ మధ్య దూరం కొద్ది నానోమీటర్లే. తల వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు ఉంటుంది. ఆ సందులో నీటి తుంపర పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇదే కారణంతో మూత విప్పి చూడటం కూడా వద్దు.

రెండో పని: చెవి పెట్టి వినండి

డిస్క్‌ని బల్ల మీద కదలకుండా పెట్టి ఒక్కసారి కనెక్ట్ చేసి పది, పదిహేను సెకన్లు వినండి.

టక్... టక్... టక్ అని ఒకే లయలో కొడుతూ, కాసేపటికి తిరగడం ఆగిపోతుంటే హెడ్ దెబ్బతింది. వెంటనే పీకేయండి. విరిగిన హెడ్ పళ్లెం మీద రాసుకుంటే అక్కడున్న అయస్కాంత పూత లేచిపోతుంది, ఇక ఆ భాగాన్ని ఎంత పెద్ద ల్యాబ్ అయినా తిరిగి తేలేదు. కింద పడ్డాక ఇలా కొడుతున్న డిస్క్‌కి ఇంట్లో చేయగలిగిందేమీ లేదు. కింద "షాపుకి ఇచ్చే ముందు" అన్న భాగానికి వెళ్లిపోండి.

సన్నగా బీప్ బీప్ అంటూ అసలు తిరగకపోతే రెండు కారణాలుండొచ్చు. కరెంటు చాలకపోవడం ఒకటి, హెడ్ పళ్లేనికి అతుక్కుపోవడం రెండోది. మొదటిది మనం చూసుకోవచ్చు, రెండోది ల్యాబ్ పని.

మామూలుగా తిరుగుతూ, కంప్యూటర్‌కి కనిపిస్తూ, ఫోల్డర్ తెరవడానికి ఐదు నిమిషాలు తీసుకుంటూ, మధ్యలో ఎర్రర్లు ఇస్తుంటే, అది మన చేతిలోని కేసు. పిన్ని డిస్క్ ఇలాంటిదే.

మూడో పని: తప్పు కేబుల్‌దేమో చూడండి

నవ్వొద్దు. "చచ్చిపోయిన" డిస్కుల్లో కొన్నిటి జబ్బు కేబుల్ మార్చగానే పోతుంది. పోర్టబుల్ డిస్కులకి చాలా కాలం వచ్చిన వెడల్పాటి, రెండు భాగాల ప్లగ్ ఉంటుంది కదా, అది వాడగా వాడగా వదులైపోతుంది. ఇంకో కేబుల్ తెచ్చి, హబ్ లేకుండా నేరుగా లాప్‌టాప్ పోర్టుకి పెట్టండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే కరెంటు 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 దాకా ఇస్తుంది. టీవీ వెనక పోర్టులో తిరగని డిస్క్ లాప్‌టాప్‌లో హాయిగా తిరగడానికి కారణం ఇదే కావచ్చు. విడిగా అడాప్టర్ ఉండే పెద్ద డిస్క్ అయితే దాని అడాప్టర్‌నే వాడండి. పిన్ను సరిపోయింది కదా అని లాప్‌టాప్ చార్జర్ గుచ్చితే సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది.

తర్వాత విండోస్‌లోనే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్మార్ట్ వివరాలు చూడండి. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే చిట్టా అది. అందులో నాలుగు వరసలు చాలు. 05 అంటే ఇప్పటికే చెడిపోయి, వేరే చోటికి మార్చేసిన సెక్టార్లు. సీ5 అంటే చదవలేక తేల్చుకోలేక పెండింగ్‌లో పెట్టినవి. సీ6 సరిచేయలేనివి. సీ7 పెరుగుతుంటే మాత్రం అనుమానం కేబుల్ మీదికో కనెక్షన్ మీదికో పోవాలి. ఆ సాఫ్ట్‌వేర్ అసలు విలువల్ని హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది. 10 అని కనిపిస్తే అది పదహారు. పిన్ని డిస్క్‌లో సీ5 వందల్లో ఉంది. ఆ పసుపు రంగు హెచ్చరిక చూశాక ఇక మీనమేషాలు లెక్కపెట్టకూడదు.

ఒక మినహాయింపు చెప్తాను. డిస్క్ ఇంకా తెరుచుకుంటూ, మీకు కావాల్సింది ఒకే ఒక్క చిన్న ఫోల్డర్ అయితే ముందు దాన్ని లాగేసుకోండి. అది కూడా మౌస్‌తో లాగి వదలడం కాదు. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ వాడండి, కానీ జాగ్రత్త. చదవలేని ఫైల్ తగిలితే అది మామూలుగా పది లక్షల సార్లు, ప్రతిసారికీ 30 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. చెడిపోతున్న డిస్క్‌కి అంతకన్నా శిక్ష ఉండదు. కమాండ్ చివర ఆర్ విలువ 0, డబ్ల్యూ విలువ 0 అని ఇస్తే రానిదాన్ని వదిలేసి ముందుకెళ్తుంది.

నాలుగో పని: సరంజామా

పాతదానికన్నా పెద్ద డిస్క్ ఒకటి కొనండి. 1 టీబీకి 1 టీబీ చాలదు. మొత్తం డిస్క్‌ని ఒకే పెద్ద ఫైల్‌గా, అంటే ఇమేజ్‌గా దించబోతున్నాం. ఆ ఫైల్ ఒక్కటే విండోస్ లెక్కలో 931 జీబీ. దాన్నుంచి బయటికి తీసిన ఫైళ్లకీ చోటు కావాలి. కాబట్టి 2 టీబీది తీసుకుని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32 పనికిరాదు, అందులో ఒక ఫైల్ 4 జీబీ దాటలేదు.

ఒక పెన్‌డ్రైవ్ మీద సిస్టమ్‌రెస్క్యూ అనే ఉచిత లినక్స్‌ని (విండోస్ బదులు నడిచేది) రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రాసుకోండి. లినక్స్ అనగానే భయపడకండి, దీన్ని ఇన్‌స్టాల్ చేయడం లేదు. పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, మనకి కావలసిన సాధనాలన్నీ అందులో ముందే ఉంటాయి.

లాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్‌ని, అంటే తనకి తెలియని సిస్టమ్‌ని మొదలవనివ్వని రక్షణని, ఆపాల్సి వస్తుంది. ఇక్కడే చాలామంది ఇంకో గోతిలో పడతారు. మీ లాప్‌టాప్‌కి బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే, సెక్యూర్ బూట్ మార్చాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. పిన్ని డిస్క్ కాపాడబోయి మన లాప్‌టాప్‌కి తాళం వేసుకోకూడదు. ఆ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

చార్జర్ పెట్టి ఉంచండి. కరెంటు పోయే ఊరైతే లాప్‌టాపే నయం, బ్యాటరీ ఉంటుంది. పాత డిస్క్ గట్టి బల్ల మీద చదునుగా ఉండాలి, దాని మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పండి. తిరుగుతున్నప్పుడు దాన్ని ఎవరూ కదపకూడదు. మా ఇంట్లో పిల్లలు ఉన్నారు కాబట్టి పూజగదిలో పెట్టాను, అక్కడైతే ఎవరూ పరుగులు పెట్టరు.

ఐదో పని: ఏ డిస్క్ ఏదో తేల్చుకోవడం

ఈ అడుగులో తొందరపడితే కొంప మునుగుతుంది. పాతది కొత్తదనీ, కొత్తది పాతదనీ పొరబడితే ఖాళీ డిస్క్ వచ్చి ఫొటోల మీద పడుతుంది.

లాప్‌టాప్‌ని పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెడితే, అంటే బూట్ చేస్తే, నల్ల తెర వస్తుంది. స్టార్ట్‌ఎక్స్ అని టైప్ చేస్తే మామూలు కిటికీలు వస్తాయి. అందులో టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ, తెరవండి. ఇక్కడి నుంచి నేను తెలుగులో రాసే కమాండ్లని మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఖాళీ ఇచ్చి టైప్ చేయాలి. ముందు ఇది:

ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,మోడల్

డిస్కుల పట్టిక కనిపిస్తుంది. 931.5జీ అని ఉన్నది 1 టీబీ డిస్క్, 1.8టీ అని ఉన్నది 2 టీబీది. మోడల్ పేరు కూడా పోల్చుకోండి. నా దగ్గర పాతది ఎస్‌డీబీ, కొత్తది ఎస్‌డీసీ అయ్యాయి. మీ దగ్గర అలాగే ఉంటాయని అనుకోవద్దు. రెండిటి పేర్లూ కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు కొత్త డిస్క్‌ని మాత్రమే తెరవాలి. పాతదాన్ని తెరవకూడదు, దాన్ని మౌంట్ చేయాల్సిన పనే లేదు.

ఎంకేడీఐఆర్ /ఎంఎన్‌టీ/కొత్త
మౌంట్ /డెవ్/ఎస్‌డీసీ1 /ఎంఎన్‌టీ/కొత్త
సీడీ /ఎంఎన్‌టీ/కొత్త

"కొత్త" అన్నచోట ఇంగ్లిష్ అక్షరాల్లో మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. పట్టికలో కొత్త డిస్క్ కింద రెండు భాగాలు కనిపించి, మొదటిది పిసరంతే ఉంటే, చివర 1 బదులు 2 ఇవ్వండి. పెద్ద భాగం ఏదో అదే కావాలి.

ఆరో పని: అసలు కాపీ

ఇక్కడ వాడే సాధనం గ్నూ డీడీరెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ అనే ఆయన 2004 నుంచి దీన్ని రాస్తున్నారు. పేరు మధ్యలో అండర్‌స్కోర్ ఉండే ఇంకో సాధనం ఉంది, అది వేరు. ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్లు ప్యాకేజీ పేరు ముందు జీ చేర్చి జీడీడీరెస్క్యూ అని అడగాలి.

దీని గొప్పదనం దాని ఓపిక పద్ధతిలో ఉంది. మామూలు కాపీ చెడ్డ చోట తగలగానే అక్కడే తల బాదుకుంటుంది. ఇది అలా కాదు. చెడ్డ చోట తగిలితే గుర్తు పెట్టుకుని ఎగిరి ముందుకు దూకుతుంది. తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేస్తుంది. వరికోతలో దుబ్బులు పీకుతూ కూర్చోకుండా ముందు నిలబడ్డ పంటంతా కోసుకున్నట్టు. చెడ్డ చోట్ల అంచులని తర్వాత గీరుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో, ఏది రాలేదో అంతా మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ ఊడినా అదే కమాండ్ మళ్లీ ఇస్తే ఆగిన చోటి నుంచి మొదలవుతుంది. ఆ మ్యాప్ ఫైల్ లేకపోతే మొత్తం మొదటికొస్తుంది, కాబట్టి దాన్ని పొరపాటున కూడా చెరపొద్దు.

మొదటి విడత:

డీడీరెస్క్యూ -ఎన్ /డెవ్/ఎస్‌డీబీ పాతది.ఐఎంజీ పాతది.మ్యాప్

ముందు పాత డిస్క్, తర్వాత ఇమేజ్, చివర మ్యాప్. ఎంటర్ నొక్కేముందు ఇంకోసారి చదువుకోండి. ఎస్‌డీబీ తర్వాత అంకె ఉండకూడదు, డిస్క్ మొత్తం కావాలి. ఎన్ అంటే గీరే పని ఇప్పుడొద్దు, తేలికైనవి తే అని.

తెర మీద వేగం కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ సెకనుకి 100 ఎంబీ ఇచ్చిందనుకుంటే 1 టీబీకి మూడు గంటల లోపే. యూఎస్‌బీ 2.0 పోర్టు అయితే ఎనిమిది గంటల దాకా. జబ్బు డిస్క్ దగ్గర ఈ లెక్కలు పనిచేయవు. మా దానికి మొదటి విడతే రాత్రంతా పట్టింది. ఒక్కోసారి సెకనుకి కేబీల్లోకి పడిపోతుంది. కంగారుపడి పీకొద్దు, "చివరిసారి చదివి ఎంతసేపైంది" అనే వరస సున్నా దగ్గరికి తిరిగి వస్తోందా లేదా అదే చూడండి.

డిస్క్ మధ్యలో మాయమైతే డీడీరెస్క్యూ ఆగిపోతుంది. కేబుల్ తీసి, డిస్క్‌ని అరగంట చల్లారనిచ్చి మళ్లీ పెట్టండి. ఈసారి పేరు ఎస్‌డీబీ బదులు ఎస్‌డీడీ అని మారి ఉండొచ్చు. పట్టిక మళ్లీ చూసుకుని, కమాండ్‌లో ఆ పేరు ఒక్కటే మార్చండి. మ్యాప్ పేరు అలాగే ఉండాలి. ఒకే చోట మళ్లీ మళ్లీ మాయమవుతుంటే -ఎన్ పక్కన -ఆర్ అని పెద్ద అక్షరంతో ఇవ్వండి. అది వెనక నుంచి ముందుకి చదువుకుంటూ వస్తుంది, ఆ గండం అవతలి వైపున్నది కూడా అందుతుంది.

మీరే ఆపాలంటే కంట్రోల్, సీ కలిపి నొక్కితే చాలు.

మొదటి విడత అయ్యాక రెండోది:

డీడీరెస్క్యూ -డీ -ఆర్3 /డెవ్/ఎస్‌డీబీ పాతది.ఐఎంజీ పాతది.మ్యాప్

ఇందులో ఆర్ చిన్న అక్షరం, చెడ్డ చోట్లని మూడుసార్లు ప్రయత్నించమని. డీ అంటే లినక్స్ తన మధ్యవర్తిత్వం మాని నేరుగా డిస్క్‌ని అడగమని. గీరుడంతా ఇక్కడే, చాలా నెమ్మది. ఎక్కడ ఆపాలో మీరే తేల్చుకోవాలి. నా లెక్క ఏంటంటే, మిగిలింది కొన్ని ఎంబీలే అయి, గంటసేపట్లో కొత్తగా ఏమీ రాకపోతే ఇక చాలు. ఆ చివరి ముక్క కోసం రోజులు తిప్పేకన్నా వచ్చినదాంట్లో ఏముందో చూడటం మేలు. కావలసిన ఫైలే ఆ ముక్కలో ఉందని తేలితే మళ్లీ రావచ్చు, మ్యాప్ ఉంది కదా.

ఏడో పని: ఇమేజ్ నుంచి ఫైళ్లు

పాత డిస్క్ తీసి పక్కన పెట్టేయండి. ఇకపై తప్పులు చేసినా పరవాలేదు.

టెర్మినల్‌లో టెస్ట్‌డిస్క్ పాతది.ఐఎంజీ అని ఇవ్వండి. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఉచిత సాధనం ఇది. ప్రొసీడ్ నొక్కి, విభాగ పట్టిక రకం అది చూపించినదే ఉంచి, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, పెద్ద భాగాన్ని ఎంచుకుని, లిస్ట్ నొక్కండి. అదృష్టం బాగుంటే మీ ఫోల్డర్లు అవే పేర్లతో కనిపిస్తాయి. చిన్న ఏ నొక్కితే అన్నీ ఎంపికవుతాయి, పెద్ద సీ నొక్కితే ఎక్కడికి కాపీ చేయాలో అడుగుతుంది. పిన్ని డిస్క్ ఫోల్డర్లు ఇక్కడే బయటపడ్డాయి. విండోస్ చదవలేక ఫార్మాట్ అడగడానికి కారణం, ఫైల్ సిస్టమ్ మొదట్లో ఉండాల్సిన కొన్ని సెక్టార్లు రాకపోవడమే.

ఫోల్డర్లు కనిపించకపోతే అదే రచయిత రాసిన ఫొటోరెక్ ఉంది. అది ఫైల్ సిస్టమ్‌ని అసలు పట్టించుకోదు. జేపెగ్ ఎలా మొదలవుతుందో, ఎంపీ4 ఎలా మొదలవుతుందో తెలుసు కాబట్టి ఆ ఆనవాళ్లు పట్టుకుని ఫైళ్లు ఏరుతుంది. కానీ పేర్లు, ఫోల్డర్లు పోతాయి, అంకెల పేర్లతో ఫోల్డర్‌కి 500 చొప్పున గుట్టలు పోస్తుంది. ఫొటో లోపల దాగి ఉండే తేదీతో తర్వాత వరస పెట్టుకోవచ్చు. ముక్కలు ముక్కలుగా రాసి ఉన్న పెద్ద వీడియోలు దీనితో పూర్తిగా రాకపోవచ్చు. అందుకే ఇది రెండో దారి.

షాపుకి ఇచ్చే ముందు

టక్ టక్ డిస్కులు, తిరగని డిస్కులు, కాలిన బోర్డులు ల్యాబ్‌కే పోవాలి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ బజార్లో "డేటా రికవరీ" బోర్డులు కనిపిస్తాయి, కానీ అందరూ ఒకే పని చేయరు. అడగాల్సినవి సూటిగా అడగండి. మూత విప్పాల్సి వస్తే దుమ్ము లేని క్లీన్ బెంచ్ మీద విప్పుతారా, మామూలు టేబుల్ మీదా? డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు? డబ్బు కట్టేముందు వచ్చిన ఫైళ్ల జాబితా చూపిస్తారా? డిస్క్ వాళ్లు వేరేచోటికి పంపుతారా? తడబడితే వెనక్కి తీసుకోండి. హెడ్ మార్చే పని అయితే బిల్లు కొత్త డిస్క్ ధరకి ఎన్నో రెట్లు ఉంటుంది, ఆ ఫొటోలు అంత విలువైనవో కాదో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

"ఇలాంటిదే ఇంకో డిస్క్ బోర్డు తెచ్చి వేస్తే చాలు" అనే మాట నమ్మొద్దు. ఆ డిస్క్‌కే చెందిన సర్దుబాటు వివరాలు బోర్డు మీదున్న చిప్‌లో ఉంటాయి, అవి కూడా మార్చకపోతే కొత్త బోర్డు పనిచేయదు. డబ్బా విప్పి లోపలి డిస్క్‌ని నేరుగా కంప్యూటర్‌కి పెట్టే చిట్కా కూడా అన్నిటికీ కుదరదు. వెస్టర్న్ డిజిటల్ మై పాస్‌పోర్ట్ మోడళ్లు చాలావాటిలో డేటా ఆ యూఎస్‌బీ బోర్డు దగ్గరే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. బోర్డు లేకుండా చదివితే వచ్చేదంతా గజిబిజే.

తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లతో పనిచేసే ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ అయితే ఈ శబ్దాల పాఠం వర్తించదు. అది చెప్పాపెట్టకుండా పోతుంది. కనిపిస్తున్నంతసేపూ పైన చెప్పిన ఇమేజ్ పద్ధతే, కనిపించకపోతే ల్యాబే.

చివరి తనిఖీ

ఫైళ్లు వచ్చాయి కదా అని ఇమేజ్ చెరపకండి. ఫైల్ పేరు, సైజు బాగానే ఉండి లోపల ఖాళీ ఉండొచ్చు. డీడీరెస్క్యూ చదవలేని చోట్లలో ఏమీ ఉండదు కదా. ఫొటోల బుల్లి బొమ్మలని పెద్ద సైజులో పెట్టి చూస్తే కింది సగం బూడిద రంగులో ఉన్నవి తేలిపోతాయి. వీడియోలని మొదట్లో, మధ్యలో, చివర్లో జరిపి చూడాలి. పెళ్లి వీడియో మొత్తం బాగుంది. తాతయ్య క్లిప్పుల్లో ఒకటి మాత్రం రెండు సెకన్లు గళ్లుగళ్లుగా ఆగి మళ్లీ సాగుతుంది. అన్నీ ఇంకో రెండు చోట్లకి కాపీ చేశాకే ఇమేజ్ తీసేశాను.

పాత డిస్క్ మీద మార్కర్‌తో "వాడొద్దు" అని రాసి బీరువాలో పెట్టాను. పిన్ని దాన్ని మళ్లీ టీవీకి పెడుతుందేమోనని కేబుల్ మాత్రం నాతో తెచ్చేసుకున్నాను.